నలభై సెకన్లలో తెగిపోయిన స్టీరింగ్ లాక్: మళ్లీ ఇంకోటి కొనాలా, వద్దా?

బుధవారపేట కర్రీపాయింట్ (కర్నూలు):

అందరికీ నమస్కారం. బండ్ల గురించి నాకు తెలిసింది తక్కువ. పప్పులో చింతపండు ఎంత వేయాలో అడిగితే చెప్తాను గానీ, ఈ విషయంలో మీరే నాకు చెప్పాలి. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

కర్నూలు బుధవారపేటలో నాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. దాంతోపాటు రెండు హాస్టళ్లకు పొద్దున టిఫిను, రాత్రి అన్నం, కూరలు పంపిస్తాను. బండి మారుతీ ఓమ్నీ, 2012 మోడల్, ఏపీ 21 రిజిస్ట్రేషన్. మూడేళ్ల కిందట డోన్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సినిమాల్లో మనుషుల్ని ఎత్తుకుపోయే బండి అని మా అక్క కొడుకు ఎప్పుడూ నవ్వుతుంటాడు. ఇప్పుడు ఆ బండినే ఎవడన్నా ఎత్తుకుపోతాడేమోనని నా బాధ.

మా సందులోకి బండి రాదు. మెయిన్ రోడ్డు మీద, ఎప్పుడో మూసేసిన ఎరువుల అంగడి ముందు పెడతాను. మేడ మీద నుంచి చూస్తే వేపకొమ్మల సందులోంచి బండి టాపు ఒక మూల మాత్రం తెల్లగా కనపడుతుంది. రాత్రి రెండుసార్లు లేచి ఆ తెల్ల మూల ఉందో లేదో చూసుకుని పడుకోవడం అలవాటైపోయింది. ఎందుకంటే పోయిన ఏడాది మా వెనక వీధిలో అచ్చం ఇలాంటి బండే రాత్రికి రాత్రి మాయమైంది. అద్దం పగలగొట్టలేదు, గాజుపెంకు ఒక్కటి కింద పడలేదు. పొద్దున చూస్తే బండి నిలిపినచోట ఆయిల్ మరక తప్ప ఏమీ లేదు. ఇప్పటికీ దొరకలేదు.

అది జరిగిన వారానికే నేను ఆన్‌లైన్‌లో స్టీరింగ్ లాక్ తెప్పించాను, 799 రూపాయలు. ఏ కంపెనీదో రాయను. ఎర్రటి కడ్డీ, రెండు కొక్కేలు. లాగితే టకటకమని పొడుగవుతుంది, బీగం దానంతటదే పడిపోతుంది, తీయడానికే బీగంచెవి కావాలి. మొదట్లో బాగానే ఉంది. ఏప్రిల్ వచ్చేసరికి కథ మారింది. మన ఎండ సంగతి తెలిసిందే కదా. మధ్యాహ్నం తలుపు తీస్తే ఆ కడ్డీని ముట్టుకోలేం, పెనం పట్టుకున్నట్టే. గిన్నెలు దించే మసిగుడ్డతో తీసేదాన్ని. పైనున్న ఎర్ర తొడుగు కరిగి జిగటగా చేతికి అంటుకునేది. ఆ జిగటకు దుమ్ము పట్టి, ఆ దుమ్మే రంధ్రంలోకి పోయిందేమో, చెవి తిప్పడం రోజురోజుకీ కష్టమైంది.

పోయిన మంగళవారం తెల్లవారుజామున నాలుగున్నరకి సి క్యాంప్ రైతు బజారుకు బయల్దేరాలి. మా పిల్లోడు చెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు. "ఉండు పిన్నీ" అని బలంగా తిప్పాడు. టక్కుమంది. లాక్ ఊడిందనుకున్నాను. చూస్తే చెవి తల వాడి వేళ్ల మధ్య ఉంది, మిగతా సగం లోపల ఉండిపోయింది. స్టీరింగ్ మీద బీగం, బీగంలో విరిగిన చెవి, ఏడుంబావుకు డెబ్బై మంది పిల్లలకు టిఫిను. నా టెన్షన్ మీరే ఊహించుకోండి.

ఆరింటికి తెలిసిన మెకానిక్ బ్యాటరీ గ్రైండర్ తెచ్చాడు. నిప్పురవ్వలు పడకుండా సీటు మీద తడి గోనెపట్ట కప్పాడు, నన్ను ఒక బకెట్ నీళ్లు పట్టుకుని నిలబడమన్నాడు. గ్రైండర్ మొదలైన శబ్దానికి ఎదురింటి ముసలాయన బయటికొచ్చాడు, పాల అబ్బాయి సైకిల్ ఆపాడు, మేడల మీద నుంచి నలుగురైదుగురు తొంగి చూశారు. నేను మనసులో లెక్కపెట్టాను. నలభై దాకా వచ్చేసరికి కడ్డీ రెండు ముక్కలైంది. ముందు అద్దం లోపలివైపు రవ్వలు తగిలిన చోట చిన్న చిన్న గుంటలు పడ్డాయి, అవి ఇక పోవట. మూడొందలు తీసుకున్నాడు.

అప్పుడు మా పిల్లోడన్న మాట: "పిన్నీ, దొంగకి కూడా ఇంతేసేపు పడుతుంది కదా?"

నాలుగు రోజులుగా ఆ మాటే తిరుగుతోంది బుర్రలో. ఏడాదంతా రోజుకు రెండుసార్లు వేసి, తీసి, చేయి కాల్చుకున్నది ఈ నలభై సెకన్ల కోసమా? ఇంకో లాక్ కొనాలా? పెడల్‌కు వేసేవి, గేరుకు వేసేవి ఉన్నాయంటున్నారు, ఏది మేలు? బండికి ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే కడుతున్నాను. బండి పోతే నా వ్యాపారమే పోయినట్టు. 2009 వరదలో మా స్కూటరు, అంగడి సామాను కలిపి పోగొట్టుకున్నవాళ్లం. అప్పుడు ఊరంతా మునిగింది కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. ఈసారి నా నిర్లక్ష్యం వల్ల పోకూడదని.

సాయినగర్ 2బీహెచ్‌కే (అనంతపురం):

అక్కా, లాకులన్నీ పాతకాలం. రెండు మూడు వేలు పెట్టి జీపీఎస్ బిగించండి. బండి కదిలితే ఫోనుకు మెసేజ్ వస్తుంది. అయిపోయింది.

బుధవారపేట కర్రీపాయింట్:

మెసేజ్ వచ్చినప్పుడు నేను మేలుకొని ఉండాలి కదప్పా. నేను పడుకునేదే పదకొండింటికి, లేచేది నాలుగుకి. ఆ మధ్యలో చెవి దగ్గర టపాకాయ పేలినా తెలీదు. (మరి రెండుసార్లు ఎలా లేస్తున్నావంటారేమో. అది భయం, మెలకువ కాదు.)

ఏడురోడ్ల తాళాలు (కడప):

అమ్మా, కడపలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని నాది. ఇంటి బీగాలు, బీరువాలు, బండి కీలు. మీరు రాసింది రెండుసార్లు చదివాను.

మీ పిల్లోడి ప్రశ్నకు జవాబు మీ పోస్టులోనే ఉంది. గ్రైండర్ పెట్టగానే ఎంతమంది బయటికొచ్చారో మీరే రాశారు. మీ మెకానిక్, బండి యజమాని మీరే పక్కన నిలబడి ఉండగా, పట్టపగలు కోశాడు. దొంగ అదే శబ్దం, అవే రవ్వలు, రాత్రి రెండింటికి మెయిన్ రోడ్డు మీద చేయాలి. వాడు చేయడు. ఎదురుగా లాక్ లేని బండి ఇంకోటి ఉంటే అసలే చేయడు.

అయితే మీరు అనుకోనిది ఒకటుంది. పని తెలిసిన దొంగ లాక్‌ను కోయడు. స్టీరింగ్‌ను కోస్తాడు. స్టీరింగ్ చక్రం చూడ్డానికి లావుగా ఉంటుంది గానీ, పైన ఫోము, రబ్బరు తీసేస్తే లోపల సన్నటి లోహపు చట్రమే. హాక్సా బ్లేడుకు అది లొంగుతుంది, గ్రైండరంత శబ్దం రాదు. కోసినచోట కాస్త విడదీస్తే మీ ఎర్ర కడ్డీ కొక్కెం జారి బయటికొస్తుంది, లాక్‌కు గీత కూడా పడదు. అందుకే ఎంత గట్టి ఉక్కు, ఎన్ని టన్నుల బలం అని పెట్టె మీద రాసింది చూసి మోసపోవద్దు. గొలుసులో బలహీనమైన కొక్కెం మీ బండి స్టీరింగే.

ఇంకో సంగతి, ఇది ఓమ్నీకి మాత్రమే. మామూలు కారులో స్టీరింగ్ నిలువుగా ఉంటుంది. లాక్ తోక పొడుగ్గా వచ్చి ముందు అద్దానికో, తలుపు స్తంభానికో తగిలి చక్రం తిరగనివ్వదు. ఆ రకం లాక్ పనిచేసేదంతా ఆ తోక మీదే. ఓమ్నీలో స్టీరింగ్ బస్సులో మాదిరి పడుకుని ఉంటుంది. తోక మీ సీటు మీదుగా గాలిలో తిరుగుతుంది, దేనికీ సరిగ్గా అడ్డం పడదు. మీరు లాక్ వేశాక చక్రం తిప్పి చూశారా ఎప్పుడైనా? అర చుట్టు తిరిగినా చాలు, దొంగ బండిని పక్క సందు దాకా తీసుకుపోగలడు. ఇంకోటి కొంటే అంగట్లోనే మీ బండిలో పెట్టించి, రెండువైపులా తిప్పి చూసి డబ్బులివ్వండి.

నన్నడిగితే మీ బండికి క్లచ్‌కు, స్టీరింగ్‌కు కలిపి వేసే కడ్డీ మేలు. ఒక కొక్కెం క్లచ్ పెడల్‌కు, ఇంకోటి చక్రానికి. క్లచ్ తొక్కలేడు, చక్రం తిప్పలేడు. స్టీరింగ్ కోసినా కడ్డీ పెడల్‌ను పట్టుకునే ఉంటుంది, కాళ్ల దగ్గర అడ్డంగా. తీయాలంటే కిందికి వంగి పని చేయాలి, ఓమ్నీలో ఆ జాగాలో చేయి కూడా సరిగా పట్టదు. గేర్ లాక్ కూడా మంచిదే, కానీ దానికి నేలకు బ్రాకెట్ బిగించాలి, మీ పాత బండి ఫ్లోరు తుప్పు పట్టి ఉంటే ఆ బోల్టులు ఊడి చేతికొస్తాయి. పైగా క్లచ్ తొక్కి పట్టుకుంటే గేరులో ఉన్న బండిని కూడా తోసుకుపోవచ్చు.

చెవి విరగడం గురించి. దుమ్ము పడిందని చాలామంది నూనె వేస్తారు, మీరు కొబ్బరినూనె వేసే ఉంటారు, అవునా? నూనె దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది. పెన్సిల్ ములుకు చెక్కి ఆ నల్లపొడి రంధ్రంలో పోయండి, చెవిని నాలుగుసార్లు లోపలికీ బయటికీ ఆడించండి. అదే గ్రాఫైట్, మేము డబ్బాల్లో కొని వేసేది కూడా అదే. రెండు నెలలకోసారి చాలు.

ఇక చివరిది, అన్నిటికన్నా ముఖ్యం. వెనక వీధి బండి అద్దం పగలకుండా పోయిందన్నారు. అలా పోయిందంటే నాకు వచ్చే మొదటి అనుమానం చెవి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. మీ బండి కీ నా దగ్గరికి తెస్తే పావుగంటలో ఇంకోటి కోసి ఇస్తాను, ఎందుకంటే అందులో చిప్ ఉన్నట్టు లేదు. చిప్ ఉన్న బండైతే కీ ఆకారం ఒక్కటే సరిపోదు, బండి కంప్యూటరుకు ఆ చిప్‌ను పరిచయం చేయాలి, వేలల్లో ఖర్చు. మీరు బండి కొన్నప్పుడు పాత యజమాని రెండు చెవులూ ఇచ్చాడా?

బుధవారపేట కర్రీపాయింట్:

అన్నా, కొబ్బరినూనె ఎలా కనిపెట్టారు! వేశాను. రెండుసార్లు.

చెవి ఒకటే ఇచ్చాడు. రెండోది పోయిందన్నాడు. నేనే కర్నూలు బస్టాండు దగ్గర ఇంకోటి కోయించుకున్నాను, నూట యాభై తీసుకున్నాడు, పావుగంట కూడా పట్టలేదు. మీరు అడిగేదాకా ఇందులో అనుమానించాల్సింది ఉందని తోచలేదు.

స్టీరింగ్ ఇప్పుడే వెళ్లి తిప్పి చూశాను, పాత లాక్ ముక్కను పట్టుకుని ఊహించుకుంటూ. మీరన్నట్టే. అది నా పొట్ట మీదుగా పక్క సీటు దాకా హాయిగా తిరిగేది.

రుద్రంపేట బైపాస్ (అనంతపురం):

అక్కా, నా కారు 2021లో పోయింది. అనంతపురంలోనే, పెళ్లికి వెళ్లి కల్యాణమండపం బయట రోడ్డు పక్కన పెట్టాను. లాక్ డిక్కీలో ఉంది. అవును, కొన్నాను, డిక్కీలో పెట్టుకుని తిరిగాను. పది నిమిషాల పనికి ఎవడు వేస్తాడులే అని.

ఆ రాత్రి మూడింటి తర్వాత ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఫాస్టాగ్‌లో టోల్ డబ్బులు కట్ అయ్యాయని, మరూరు ప్లాజా. దొంగ అద్దం మీద ఉన్న స్టిక్కరు పీకలేదు. బెంగళూరు వైపు పోతున్నాడని మెసేజే చెప్పింది. నేను చూసింది పొద్దున ఆరున్నరకి. మూడు గంటల్లో బెంగళూరు దాటి యాడికైనా పోవచ్చు. అందుకే మీరు జీపీఎస్ గురించి అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఉంది నా ఫోను.

నా బాధ కారు పోయిందని కాదు, తర్వాత జరిగింది. నాది ఫుల్ ఇన్సూరెన్స్. ఎఫ్ఐఆర్ అదే రోజు అయింది. కంపెనీవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న "రెండు తాళాలు తెచ్చారా". నాదీ సెకండ్ హ్యాండ్ బండే, నాకూ ఒకటే వచ్చింది. రెండోది ఏమైందో రాసి ఇమ్మన్నారు, పాత ఓనర్ చేత అఫిడవిట్ తెమ్మన్నారు. ఆయన మదనపల్లెకు మారిపోయాడు. పోలీసులు బండి దొరకలేదని ఫైనల్ రిపోర్టు ఇచ్చేదాకా ఫైలు కదల్లేదు. ఆర్‌సీ, బదిలీ ఫారాలు అన్నీ సంతకాలు పెట్టి ఇవ్వాలి. మొత్తం పదకొండు నెలలు. వచ్చింది ఐడీవీ, అంటే ఆ ఏడాదికి పాలసీలో రాసిన బండి విలువ. మనం కొన్న ధర కాదు, మార్కెట్లో పలికేది కూడా కాదు.

ఎవరికైనా ఇలా జరిగితే మాత్రం పోలీస్ స్టేషనుకు వెంటనే వెళ్లండి. ఎఫ్ఐఆర్ వెంటనే అయి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పడం మాత్రం ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. నేను కంపెనీకి ఐదో రోజు చెప్పాను, ఆ తీర్పు నాకు పనికొచ్చింది.

మీది థర్డ్ పార్టీ ఒక్కటే అన్నారు. అది ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. మీ బండి పోతే రూపాయి రాదు.

సి క్యాంప్ సలహాలు (కర్నూలు):

పైన సోదరుడు చెప్పినదానికి చిన్న చేర్పు. స్టీరింగ్ లాక్ ఉంటే ప్రీమియం తగ్గుతుందని కొందరు అమ్మేవాళ్లు చెప్తారు. డిస్కౌంట్ ఉన్నమాట నిజమే, సొంత నష్టం ప్రీమియంలో 2.5 శాతం, ఎంత పెద్ద బండైనా 500 రూపాయలు దాటదు. అది కూడా ఏఆర్ఏఐ (వాహనాలను పరీక్షించే సంస్థ) ఆమోదించిన పరికరం, సర్టిఫికెట్‌తో సహా ఉంటేనే. ఆన్‌లైన్‌లో 799కి కొన్న ఎర్ర కడ్డీకి రాదు. థర్డ్ పార్టీ పాలసీలో అసలు ఆ ప్రశ్నే లేదు.

పెనుకొండ షిఫ్ట్ (శ్రీ సత్యసాయి జిల్లా, మేమింకా అనంతపురమనే అంటాం):

నేను పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే చోట పనిచేస్తాను. స్టీరింగ్ లాక్ అంటే పాత చింతకాయపచ్చడి అనుకునేవాళ్లకు ఒక మాట. అమెరికాలో దీన్ని మళ్లీ ఊరూరా పంచారు, అది కూడా ఈమధ్యనే.

అక్కడ 2011 నుంచి 2021 వరకు అమ్మిన కియా, హ్యుందాయ్ కార్లలో తాళం పెట్టి తిప్పే రకాలు చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదు. అంటే తాళాలన్న చెప్పిన చిప్ సంగతి. స్టీరింగ్ కింది ప్లాస్టిక్ మూత లాగేసి, ఫోను చార్జింగ్ కేబుల్ కొసతో తిప్పి స్టార్ట్ చేయడం టిక్‌టాక్ వీడియోల్లో చూపించారు. 2022లో దేశమంతా పాకింది, పదిహేను పదహారేళ్ల పిల్లలు కూడా ఎత్తుకుపోయారు. 2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మార్చి ఇవ్వడం మొదలుపెట్టాయి. దాంతోపాటు పోలీసుల ద్వారా వేల కొద్దీ స్టీరింగ్ లాకులు ఊరికే పంచాయి. ఇంత టెక్నాలజీ ఉండి చివరికి ఇనుప కడ్డీ. పక్కనే కెనడాలో 2007 నుంచే కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి, అక్కడ అవే కార్లకు ఈ తలనొప్పి రాలేదు.

మన దగ్గర కొత్త కార్లకు చిప్ కీ ఉంటుంది కాబట్టి ఆ కేబుల్ కథ ఇక్కడ కుదరదు. అలాగని బటన్ స్టార్ట్ బండ్లవాళ్లు నిశ్చింతగా ఉండక్కర్లేదు. ఇంట్లో మేకుకు తగిలించిన కీ సిగ్నల్‌ను బయటి నుంచే పట్టి, పెంచి కారుకు అందించే పద్ధతి ఒకటి ఉంది. అలాంటి దొంగ ఎలక్ట్రానిక్ పెట్టె తెస్తాడు గానీ రంపం తేడు. వాడికి అడ్డం పడేది ఈ కడ్డీయే.

నంద్యాల చెక్‌పోస్ట్ ఎలక్ట్రీషియన్ (కర్నూలు):

అక్కా, లాక్‌తోపాటు ఒక చిన్న దొంగ స్విచ్ పెట్టించుకోండి. మీ 2012 ఓమ్నీ ఇంజెక్షన్ బండి, పెట్రోలు కరెంటు పంపుతో వస్తుంది. ఆ పంపు రిలేకు (పంపుకు కరెంటు కలిపే, తెంపే చిన్న పెట్టె) పోయే సన్న వైరు మధ్యలో స్విచ్ పెడితే చాలు. గమనించండి, సన్న వైరు. పంపుకు నేరుగా కరెంటు పోయే లావు వైరును కోసి స్విచ్ పెట్టేవాళ్లు ఉన్నారు, నాసిరకం స్విచ్ వేడెక్కి కరిగితే బండికి నిప్పు. పని చేసేవాడిని ముందే అడగండి ఏ వైరు కోస్తున్నావని. స్విచ్ ఆపి ఉంటే బండి స్టార్ట్ అయినట్టే అయి, పైపులో మిగిలిన పెట్రోలు అయిపోగానే ఆగిపోతుంది. దొంగ బండి పాడైందనుకుని వదిలేసి పోతాడు.

ఎక్కడ పెట్టారో ఇక్కడ రాయకండి మళ్లీ.

ఏడురోడ్ల తాళాలు:

ఇంకో జాగ్రత్త మర్చిపోయాను. బండి నడిపేటప్పుడు లాక్‌ను సీటు కింద పెట్టొద్దు. బ్రేకు వేసినప్పుడు దొర్లుకుంటూ పెడల్ కిందికి వస్తుంది. మా దగ్గరికి వచ్చే ఒకాయనకు వై జంక్షన్ దగ్గర అలాగే అయింది, బ్రేకు సగమే పడింది, ముందున్న ఆటోను ముద్దు పెట్టుకున్నాడు. ఎయిర్ బ్యాగ్ ఉన్న కార్లవాళ్లు స్టీరింగ్ మధ్య దిమ్మె (ఎయిర్ బ్యాగ్ ఉండేది అందులోనే) మీద ఒత్తుకుని కూర్చునే లాక్ కొనొద్దు. అక్కకు ఆ బాధ లేదనుకోండి.

బుధవారపేట కర్రీపాయింట్ (మూడు వారాల తర్వాత):

అందరూ ఇంత వివరంగా రాసినందుకు ఏం చేశానో చెప్పడం నా బాధ్యత.

ముందు డోన్ ఆయనకు ఫోన్ చేశాను. మొదట రెండో చెవి లేనే లేదన్నాడు. అరగంటకు ఆయన భార్య ఫోన్ చేసి, "ఉందమ్మా, దేవుడి గూట్లో కుంకుమ భరిణె వెనకాల ఉంది, మర్చిపోయాం" అంది. మంచివాళ్లే, అనుమానం లేదు. కానీ ఈ మూడేళ్లలో వాళ్లింటికి ఎంతమంది వచ్చి ఉంటారు, ఆ గూట్లో ఎవరెవరు దీపం పెట్టి ఉంటారు! నాకు తెలియని ఇంట్లో నా బండి చెవి మూడేళ్లు పూజ అందుకుంది. ఇగ్నిషన్ బ్యారెల్ (చెవి పెట్టి బండి స్టార్ట్ చేసే బీగం), తలుపు బీగాలు సెట్టుగా మార్పించేశాను. పనితో కలిపి రెండువేల పైచిలుకు అయింది, మొత్తం ఖర్చులో ఇదే పెద్దది. ఇదే ముందు చేయాల్సిందని కూడా ఇప్పుడు అర్థమవుతోంది.

క్లచ్‌కు, స్టీరింగ్‌కు కలిపే కడ్డీ 1,150కి పార్క్ రోడ్డులో ఒక అంగట్లో తీసుకున్నాను. బండి అంగడి ముందు పెట్టించి నేనే వేసి, చక్రం అటూ ఇటూ తిప్పి, క్లచ్ తొక్కి చూశాను. అంగడాయన "ఏమ్మా, పెళ్లిచూపులా" అన్నాడు. మొదట చూపించిన రెండూ నచ్చలేదు, ఒకటి పొట్టిది, చక్రం కొంచెం కదులుతోంది. మూడోది సరిపోయింది. ఎండకు కాలకుండా పాత చీరతో గొట్టంలా కుట్టి తొడిగాను. పగలు గరిటెల సంచిలో, రాత్రి కాళ్ల దగ్గర. పెన్సిల్ పొడి వేశాను. చెవి వెన్నలా తిరుగుతోంది.

స్విచ్ కూడా పెట్టించాను. సన్న వైరేనా అని అడిగితే ఆ అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, తర్వాత మర్యాదగా పనిచేశాడు. స్విచ్ సంగతి మా పిల్లోడికి మాత్రం రెండు రోజులు చెప్పలేదు, నిజంగా పనిచేస్తుందో లేదో చూద్దామని. మూడో రోజు తెల్లవారుజామున వాడు రైతు బజారుకు బండి తీశాడు. స్టార్ట్ అయింది, కదిలింది, నాకూ అనుమానం వచ్చింది స్విచ్ దండగేమోనని. మా వీధి మలుపు తిరగలేదు, ఆగిపోయింది. వాడు దిగి బానెట్టు కోసం ముందువైపు చూశాడు, ఓమ్నీ ఇంజను సీటు కింద ఉంటుందని ఆ కంగారులో మర్చిపోయాడు పాపం. నేను చెప్పులేసుకుని అక్కడికి పోయేలోగా అదే మెకానిక్‌కు ఫోన్ చేసి నిద్రలేపాడు. ఆయన వచ్చాక సంగతి చెప్తే నవ్వలేదు, రెండొందలు తీసుకున్నాడు. ఆ రెండొందలు నా లెక్కలోనే రాసుకోండి.

ఇన్సూరెన్స్ ఫుల్ చేయించాలా అన్నది ఇంకా ఆలోచిస్తున్నా. ఇంత పాత బండికి వాళ్లు రాసే ఐడీవీ చూస్తే ఏడుపొచ్చింది. దాని బదులు జీపీఎస్ మేలేమో, అది కూడా మా పిల్లోడి ఫోనుకు, వాడు రాత్రి రెండింటి దాకా ఎలాగూ ఫోను చూస్తూనే ఉంటాడు.

రాత్రిపూట ఒకసారే లేస్తున్నాను ఇప్పుడు.

సాయినగర్ 2బీహెచ్‌కే:

సూపర్ అక్కా. ఒక్క డౌటు. లాక్ విరిగిన రోజు ఆ డెబ్బై మందికి ఏం పెట్టారు?

బుధవారపేట కర్రీపాయింట్:

ఉగ్గాని. బొరుగులు, ఉల్లిగడ్డలు, పప్పులపొడి ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి, రైతు బజారుతో పనిలేదు. మెకానిక్ గ్రైండర్ తెచ్చేలోగా బొరుగులు నానబెట్టేశాను. మిరపకాయ బజ్జీ మాత్రం వేయలేకపోయా, పిల్లలు ఇప్పటికీ అడుగుతున్నారు.